బడిపంతులు కట్టిన ఫ్యాకల్టీ

తెలుగులో ఫ్యాకల్టీ అంటే ఇప్పుడు మనిషి. "మాకు ఫిజిక్స్ ఫ్యాకల్టీ మారారు" అంటే పాఠం చెప్పే సారు మారారని అర్థం. విశ్వవిద్యాలయం కాగితాల్లో మాత్రం ఆ మాటకు పాత అర్థమే నడుస్తోంది. ఒక డీన్, ఆయన కింద కొన్ని డిపార్ట్‌మెంట్లు, అవి కలిసి ఇచ్చే డిగ్రీలు: దాన్నే ఆర్ట్స్ ఫ్యాకల్టీ, లా ఫ్యాకల్టీ అంటారు. ఈ రెండు అర్థాలు కలగాపులగం కావడం పొరపాటే గానీ, హ్యుమానిటీస్ విషయంలో ఆ పొరపాటులో కొంత నిజం ఉంది. భాషలు, సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం ఒకే గొడుగు కిందికి ఎలా వచ్చాయి, ఎప్పుడు పెరిగాయి, ఎప్పుడు తగ్గాయి అని వెతుక్కుంటూ పోతే దాదాపు ప్రతి మలుపులోనూ పాఠం చెప్పే మనిషే ఎదురవుతాడు. అదీ యూనివర్సిటీ ప్రొఫెసర్ కాదు, బడిపంతులు.

ఈ కథను మామూలుగా మరోలా చెబుతారు. ఒకప్పుడు సాహిత్యానికీ తత్త్వానికీ పెద్ద పీట వేసేవారు, తర్వాత సైన్స్ వచ్చింది, ఆ తర్వాత డబ్బు యావ వచ్చింది, ఉన్న పీట కాస్తా లాగేశారు అని. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, మొదట్లో అసలు పీటే లేదు. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు.

పదమూడో శతాబ్దపు పారిస్ విశ్వవిద్యాలయంలో నాలుగు ఫ్యాకల్టీలు. దైవశాస్త్రం, చర్చి న్యాయశాస్త్రం, వైద్యం పై ఫ్యాకల్టీలు. ఆర్ట్స్ కింది ఫ్యాకల్టీ. పద్నాలుగు, పదిహేనేళ్ళ కుర్రాళ్ళు వచ్చి చేరేది ఇందులోనే. సేన్ నది ఎడమ ఒడ్డున ఫూవార్ వీధిలో పాఠాలు జరిగేవి. ఆ పేరుకు గడ్డి వీధి అని అర్థం. నేల మీద గడ్డి పరిచి దానిమీద విద్యార్థులను కూర్చోబెట్టేవారు. మధ్యలో బెంచీలు వచ్చాయి గానీ, పోప్ ఐదో అర్బన్ కాలంలో, 1366లో వచ్చిన నియమాలు మళ్ళీ నేల మీదే కూర్చోమన్నాయి. కుర్రాళ్ళకు పొగరు తలకెక్కకూడదట.

అప్పటి తరగతి గది ఎలా ఉండేదో 1355 నాటి ఇంకో రూలు చూస్తే తెలుస్తుంది. నోట్సు గొడవ ఇప్పటిది కాదు. పాఠం చెప్పేవాడు రాసుకునేవాళ్ళ కోసం ఆగి ఆగి చెప్పకూడదని, ఎదుట ఎవరూ రాసుకోవడం లేదన్నట్టు గడగడా చెప్పుకుపోవాలని ఆర్ట్స్ మాస్టర్లు ఆ ఏడాది డిసెంబరులో తీర్మానించారు. ఇది నచ్చక కేకలు పెట్టినా, బుస్సుమని చప్పుళ్ళు చేసినా, రాళ్ళు రువ్వినా శిక్ష తప్పదన్నారు. రాళ్ళ గురించి ప్రత్యేకంగా రాసుకున్నారంటే అంతకుముందు ఎవరో రువ్వే ఉంటారు.

ఇంతకీ అక్కడ చెప్పినదేమిటి? వ్యాకరణం, అలంకారశాస్త్రం, తర్కం ఒక గుంపు. అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం ఇంకో గుంపు. ఏడు విద్యలు. వీటిలో చరిత్ర లేదు, సాహిత్యం పేరు పెట్టుకుని లేదు. గణితం మాత్రం ఉంది. కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ చదివినవాళ్ళకు ఇప్పటికీ బీఏ డిగ్రీ రావడానికి, మన దేశంలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఎమ్మెస్సీతో పాటు ఎమ్మే గణితం కూడా ఇవ్వడానికి మూలం ఇదే. ఆర్ట్స్ అంటే కళలు కావు, ఆ మాటకొస్తే మానవీయ శాస్త్రాలూ కావు. పై చదువుకు ముందు తప్పక ఎక్కాల్సిన మెట్టు.

చెప్పేవాళ్ళ పరిస్థితీ అంతే. 1215లో పోప్ ప్రతినిధి రాబర్ట్ దె కూర్సాన్ పెట్టిన నియమాల ప్రకారం, ఆర్ట్స్ బోధించడానికి ఇరవై ఒక్కేళ్ళు నిండి, ఆరేళ్ళ పాటు పాఠాలు విని ఉంటే చాలు. దైవశాస్త్రానికైతే ముప్ఫై అయిదేళ్ళు నిండాలి. అందుకని ఆర్ట్స్ మాస్టర్లలో చాలామంది పక్క ఫ్యాకల్టీలో ఇంకా చదువుకుంటున్న విద్యార్థులే. పైకి చదువుతూ కిందికి చెప్పేవారు. రీసెర్చ్ స్కాలర్లు ఫస్టియర్ క్లాసులు తీసుకోవడం కొత్తేమీ కాదన్నమాట. అయితే ఈ కుర్ర మాస్టర్లే ఊరుకోలేదు. ప్రకృతి గురించి అరిస్టాటిల్ రాసినవి 1210లో, మళ్ళీ 1215లో నిషేధిస్తే, 1255 నాటికి ఆర్ట్స్ ఫ్యాకల్టీ వాటిని సిలబస్‌లోకే ఎక్కించేసింది. దానికి జవాబుగానా అన్నట్టు 1277లో పారిస్ బిషప్ 219 ప్రతిపాదనలను తప్పుడు బోధనలని ప్రకటించాడు. మెట్టు కింద ఉన్నవాళ్ళ మీద నిఘా కొంచెం ఆలస్యంగా పడుతుంది. ఈ ఫ్యాకల్టీకి కలిసొచ్చిన అదృష్టాల్లో అది మొదటిది.

తర్వాతి మూడు వందల ఏళ్ళలో దీనికి అసలు గండం వచ్చింది. లాటిను, వ్యాకరణం, తర్కం చెప్పే మంచి బడులు ఊరూరా లేచాయి. కాథలిక్ దేశాల్లో జెస్యూట్ అనే క్రైస్తవ సంఘం నడిపే కాలేజీలు, జర్మన్ రాజ్యాల్లో జిమ్నాసియంలు అనే పెద్ద బడులు. ఆర్ట్స్ ఫ్యాకల్టీ చేస్తూ వచ్చిన పని బడిలోకి జారిపోయింది. పదిహేనేళ్ళ కుర్రాడు బడిలోనే అదంతా నేర్చుకుని నేరుగా లా చదవడానికి వస్తుంటే మధ్యలో ఈ మెట్టు దేనికి? పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి చాలాచోట్ల ఆర్ట్స్ ఫ్యాకల్టీ (జర్మనీలో దాన్నప్పటికే తత్త్వ ఫ్యాకల్టీ అంటున్నారు) పేరుకే మిగిలింది. బడి దాని తిండి లాగేసుకుంది. దాన్ని మళ్ళీ బతికించింది కూడా ఆ బడే.

ఈ మలుపు ముందుగా ఒక మాటలో కనిపిస్తుంది. వ్యాకరణం, అలంకారశాస్త్రం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం కలిపి పదిహేనో శతాబ్దపు ఇటలీలో 'స్టూడియా హ్యుమానిటాటిస్' అనేవారు. ఇప్పటి హ్యుమానిటీస్‌కు దగ్గరగా వచ్చే మొదటి జాబితా ఇదే. వీటిని బోధించేవాడిని అక్కడి విద్యార్థులు 'ఉమానిస్తా' అని పిలిచారు. లా చెప్పేవాడు 'లెజిస్తా' అయినట్టే ఇదీ. హ్యూమనిస్ట్ అంటే ఇప్పుడు మనకు ఏవో పెద్ద పెద్ద ఆదర్శాలు గుర్తొస్తాయి. పుట్టినప్పుడు అది క్యాంపస్‌లో పంతులుకు పెట్టిన పేరు.

జర్మనీలో ఒక కథ చెబుతారు. 1777లో ఫ్రీడ్రిష్ ఆగస్ట్ వోల్ఫ్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరడానికి వెళ్ళి, తన సబ్జెక్టు ఫిలాలజీ అని రాయించుకోబోయాడు. అంటే ప్రాచీన భాషలు, గ్రంథాల అధ్యయనం. రిజిస్టరు దగ్గరున్న పెద్దమనిషి నవ్వాడు. అలాంటి ఫ్యాకల్టీ లేదు, బడిపంతులు కావాలంటే దైవశాస్త్రంలో చేరమన్నాడు. వోల్ఫ్ పట్టు వదల్లేదు, చివరికి ఫిలాలజీ విద్యార్థిగానే పేరు రాయించుకున్నాడు. అలా రాయించుకున్నది అతనొక్కడే కాదని, అంతకుముందూ కొందరున్నారని తర్వాత తేలింది. అయినా కథ నిలిచింది, ఎందుకంటే అందులోని సలహా నిజం. అప్పట్లో బడుల్లో చెప్పేవాళ్ళలో ఎక్కువమంది దైవశాస్త్రం చదివి, ఏదో ఒక చర్చిలో పాస్టరు ఉద్యోగం ఖాళీ అయ్యేదాకా కాలక్షేపానికి పాఠాలు చెప్పుకునేవాళ్ళు. పంతులు పని ఒక వెయిటింగ్ రూము.

వోల్ఫ్ హాలె విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరై 1787లో ఫిలాలజీ సెమినార్ పెట్టాడు. గోటింగెన్‌లో 1738లోనే గెస్నర్ ఒకటి మొదలుపెట్టి ఉన్నాడు. రెండింటి లక్ష్యమూ ఒకటే, బడులకు పంతుళ్ళను తయారుచేయడం. అసలు సెమినార్ అనే మాటకు మూలమైన లాటిను పదానికి నారుమడి అని అర్థం. ఇక్కడ పోసిన నారు బడుల్లో నాటుకోవాలి. ఇప్పుడు మనం రెండు గంటల మీటింగునూ, పవర్‌పాయింట్‌నూ కలిపి సెమినార్ అంటున్నాం. అప్పుడు మాత్రం పది, పన్నెండు మంది కుర్రాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒకే గ్రీకు వాక్యాన్ని పట్టుకుని, ఈ మాట రాతప్రతిలో నిజంగా ఇలాగే ఉందా, నకలు రాసినవాడు తప్పు రాశాడా అని వాదించుకోవడం సెమినార్. ప్రొఫెసర్ చెబితే వినడం కాకుండా ప్రొఫెసర్ ఎదుటే రుజువు చూపించడం. ఈ అలవాటు తర్వాత చరిత్రలోకి వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్-అన్-డెర్-ఓడర్‌లో ఏడేళ్ళు బడిపంతులుగా పనిచేసిన లియోపోల్డ్ ఫాన్ రాంకె 1825లో బెర్లిన్‌కు వెళ్ళి, విద్యార్థుల చేతికి నేరుగా పాత పత్రాలే ఇచ్చి చదివించాడు. చరిత్ర ఒక డిపార్ట్‌మెంట్‌గా నిలదొక్కుకున్నది ఆ బల్ల దగ్గరే.

దీనికి ముందు జర్మన్ తత్త్వవేత్త కాంట్ సంగతి చెప్పుకోవాలి. మత విషయాల మీద ఇక రాయొద్దని ఆయన ఉంటున్న జర్మన్ రాజ్యం ప్రష్యా రాజు నుంచి 1794లో ఆయనకు తాకీదు అందింది. రాజు పోయాక, 1798లో, ఫ్యాకల్టీల మధ్య తగాదా గురించి ఆయన ఒక పుస్తకం అచ్చువేశాడు. దైవశాస్త్రం, న్యాయం, వైద్యం పై ఫ్యాకల్టీలు, ఎందుకంటే జనం ఆత్మ, ఆస్తి, ఒళ్ళు ప్రభుత్వానికి కావాలి. తత్త్వ ఫ్యాకల్టీ కిందిది, ఎందుకంటే అది ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వదు. అందుకే దానికి నిజమేదో అడిగే స్వేచ్ఛ ఉండాలి అన్నాడు. దైవశాస్త్రానికి తత్త్వం దాసి అంటారు గదా, ఆ దాసి అమ్మగారి వెనక చెంగు మోస్తూ నడుస్తోందా, ముందు దీపం పట్టుకుని నడుస్తోందా అని ఒక చురక కూడా అంటించాడు. హ్యుమానిటీస్‌ను సమర్థించేవాళ్ళు రెండు వందల ఏళ్ళుగా ఈ దీపాన్ని తలుచుకుంటూనే ఉన్నారు. దీపంలో నూనె ఎవరు పోశారన్నది ఆ మాటల్లో ఉండదు.

నూనె పోసింది ఒక పరీక్ష. 1806లో నెపోలియన్ చేతిలో చావుదెబ్బ తిన్న ప్రష్యా చదువులను మొదలంటా మార్చే పనిలో పడింది. విల్హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ ప్రణాళికతో 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం మొదలైంది. ఇది అందరికీ తెలిసిన విషయం. అదే ఏడాది జూలైలో వచ్చిన ఇంకో ఉత్తర్వు గురించి అంతగా చెప్పుకోరు. జిమ్నాసియంలో పాఠం చెప్పాలంటే ఇకపై ప్రభుత్వ పరీక్ష పాసు కావాలి. ఆ పరీక్షలో అడిగేవి భాషలు, చరిత్ర, గణితం. అవన్నీ ఉన్నది తత్త్వ ఫ్యాకల్టీలో. దాంతో పాస్టరు ఉద్యోగం కోసం ఎదురుచూసే వెయిటింగ్ రూము మూతపడింది, పంతులు పనికంటూ సొంత చదువు, సొంత హోదా వచ్చాయి. వాటితో పాటు కింది ఫ్యాకల్టీకి మొదటిసారి సొంత విద్యార్థులు దొరికారు. న్యాయానికో వైద్యానికో పోయే దారిలో ఆగినవాళ్ళు కాకుండా, ఇదే చదవడానికి వచ్చినవాళ్ళు. హుంబోల్ట్ ఆశయాల గురించి ఎన్ని గ్రంథాలు రాసినా, ఆ పరీక్ష లేకపోతే బెర్లిన్ తరగతి గదులు నిండేవని చెప్పడం కష్టం.

ఇక్కడో సంగతి గమనించాలి. ప్రభుత్వం అడిగింది పంతుళ్ళను. ఫ్యాకల్టీ పంతుళ్ళను ఇచ్చింది, వాళ్ళతో పాటు ఎవరూ అడగనిదీ ఇచ్చింది. హోమర్ కావ్యాలు ఒకే కవి రాతేనా అనే అనుమానాన్ని వోల్ఫ్ 1795లోనే లేవనెత్తాడు. సంస్కృతం, గ్రీకు, లాటిను క్రియారూపాలను పక్కపక్కన పెట్టి పోల్చిన ఫ్రాంజ్ బాప్‌కు 1821లో బెర్లిన్‌లో ప్రొఫెసర్ పదవి వచ్చింది. ఇవేవీ బడిలో పనికొచ్చేవి కావు. పనికొచ్చేదాని నీడలో పెరిగినవి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటిదే ఇంకా విడ్డూరంగా జరిగింది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన జోసెఫ్ బోడెన్ తన ఆస్తిని సంస్కృత పీఠానికి రాసిచ్చాడు. బైబిలును సంస్కృతంలోకి తెస్తే భారతీయులను క్రైస్తవంలోకి తిప్పవచ్చని ఆయన ఆలోచన. 1860లో ఆ పదవికి జరిగిన ఎన్నికలో మోనియర్ విలియమ్స్ 833 ఓట్లతో, 610 ఓట్లు తెచ్చుకున్న మాక్స్ ముల్లర్‌ను ఓడించాడు. ఓటర్లలో చాలామంది పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పాస్టర్లు. చివరికి ఆ డబ్బుకు దక్కింది మతమార్పిడి కాదు, సంస్కృతం చదివేవాళ్ళు ఇప్పటికీ తిరగేసే మోనియర్ విలియమ్స్ నిఘంటువు.

పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచాక ఇల్లు చీలడం మొదలైంది. తత్త్వ ఫ్యాకల్టీ అప్పటిదాకా ఉమ్మడి కుటుంబం. రసాయనశాస్త్రం, గ్రీకు ఒకే డీన్ కింద ఉండేవి. 1863లో ట్యూబింగెన్‌లో ప్రకృతి శాస్త్రాలు వేరుపడి జర్మనీలో మొదటి సైన్స్ ఫ్యాకల్టీ అయ్యాయి. 1879లో లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాల తెరిచాడు. ఆయన పదవి తత్త్వశాస్త్ర ప్రొఫెసర్, పుట్టింది మాత్రం సైకాలజీ. 1903లో కేంబ్రిడ్జిలో ఆల్ఫ్రెడ్ మార్షల్ అర్థశాస్త్రానికి వేరే పరీక్ష తెచ్చుకున్నాడు. ఒక్కొక్కరే వాటా పట్టుకుని వెళ్ళిపోగా ఇంట్లో మిగిలినవాళ్ళ పేరే హ్యుమానిటీస్. అందుకే ఈ గొడుగు కింద ఎవరుంటారన్నది ఊరికో తీరుగా ఉంటుంది. షికాగో విశ్వవిద్యాలయం 1930లో తన డిపార్ట్‌మెంట్లను నాలుగు డివిజన్లుగా విడగొట్టి ఒకదానికి హ్యుమానిటీస్ అని పేరు పెట్టింది. చరిత్రను మాత్రం సోషల్ సైన్సెస్‌లో వేసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ అంతే, తెలుగు, ఇంగ్లీషు, తత్త్వశాస్త్రం ఒక స్కూలులో, చరిత్ర పక్క స్కూలులో. ఇందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. వాటాల పంపకం ఎలా జరిగిందో అలా ఉంది.

ఫ్రాన్స్ సంగతి త్వరగా ముగించవచ్చు. నెపోలియన్ 1808లో పెట్టిన సాహిత్య ఫ్యాకల్టీలకు చాలాకాలం విద్యార్థులే లేరు. ప్రొఫెసర్లు బడి చివరి పరీక్ష బాకలోరియా పేపర్లు దిద్దుతూ, సాయంత్రాలు ఊళ్ళో తీరిగ్గా ఉన్న పెద్దమనుషులకు ఉపన్యాసాలిస్తూ గడిపేవారు. 1870 యుద్ధంలో ఓడాక, గెలిచింది ప్రష్యా బడిపంతులే అన్న మాట అక్కడ బాగా నాటుకుంది. 1877 నుంచి పంతుళ్ళు కాబోయేవాళ్ళకు డిగ్రీ స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు. తరగతులు నిండాయి.

ఇంగ్లండు కథలో పంతులు పక్కన ఇంకొకడు చేరాడు. ఇంగ్లీషు సాహిత్యం ఒక పరీక్షగా బరువెక్కింది ముందుగా ఆక్స్‌ఫర్డ్‌లో కాదు, భారతదేశానికి అధికారులను ఎంపిక చేసే పోటీ పరీక్షలో. మెకాలే కమిటీ సలహాతో 1855లో మొదలైన సివిల్ సర్వీస్ పరీక్షకు మొత్తం 6,875 మార్కులు. అందులో ఇంగ్లీషు భాష, సాహిత్యం, చరిత్రలకే 1,500. సంస్కృతానికి 375. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు ఆనర్స్ పెట్టడానికి 1894 దాకా ఆగింది. కవి షెల్లీ మీద కబుర్లు చెప్పుకోవడం చదువెలా అవుతుందని చరిత్ర ప్రొఫెసర్ ఫ్రీమన్ అంతకుముందు ఎకసెక్కాలాడాడు. ఆ కబుర్లకు కొంచెం గట్టితనం రావాలని సిలబస్ నిండా పాత ఇంగ్లీషు వ్యాకరణం దట్టించారు. తేలిగ్గా కనిపించే సబ్జెక్టు తన పరువు కోసం కష్టంగా కనిపించాలని చేసే ప్రయత్నం అప్పుడే మొదలైంది, ఇంకా ఆగలేదు.

ఈ నమూనా ఓడెక్కి కలకత్తా, బొంబాయి, మద్రాసులకు 1857లో వచ్చినప్పుడు అందులో పాఠం అనే భాగమే లేదు. లండన్ విశ్వవిద్యాలయం పద్ధతిలో ఇవి పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే ఆఫీసులు మాత్రమే. బోధనంతా అనుబంధ కాలేజీలది. 1858లో కలకత్తా మొదటి బీఏ పరీక్షలో గట్టెక్కింది ఇద్దరే, బంకించంద్ర చటర్జీ, జదునాథ్ బోస్. వాళ్ళకూ కొన్ని మార్కులు కలిపితేనే. బంకిం అదే ఏడాది డిప్యూటీ మేజిస్ట్రేట్ అయ్యాడు. డిగ్రీ దేనికన్న ప్రశ్నకు ఇక్కడ దొరికిన జవాబు సర్కారు ఉద్యోగం. బడిపంతులు పక్కన గుమాస్తా, అధికారి నిలబడ్డారు. ఇలాంటి చోట సొంత భాష సాహిత్యాన్ని పెద్ద చదువుగా ఒప్పించడానికి చాలాకాలం పట్టింది. ఆశుతోష్ ముఖర్జీ పట్టుదలతో కలకత్తాలో 1917లో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిపార్ట్‌మెంట్లు, 1919లో భారతీయ భాషల్లో ఎమ్మే వచ్చాయి. హైదరాబాదులో ఉస్మానియా ఇంకో దారి పట్టింది. ఉర్దూలో పాఠం చెప్పాలంటే ముందు పుస్తకాలుండాలి కదా, అందుకని 1918లో విశ్వవిద్యాలయం కంటే ముందే, 1917లో అనువాద సంస్థ పెట్టారు. ఆ ఫ్యాకల్టీకి పునాది రాయి ఒక రకంగా పారిభాషిక పదాల పట్టిక.

ఈ పెరుగుదలలో ఆడవాళ్ళ వాటా గురించి చెప్పకపోతే లెక్క తప్పుతుంది. చదువుకున్న స్త్రీకి చాలాకాలం గౌరవంగా దొరికిన ఉద్యోగం పంతులమ్మదే. చంద్రముఖి బసు 1884లో కలకత్తాలో ఎమ్మే పాసై, 1888లో బెథూన్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఇంగ్లండులో ఇంగ్లీషు, చరిత్ర, ఆధునిక భాషల తరగతులు నిలబడటానికి పెద్ద కారణం మహిళా కాలేజీల నుంచి వచ్చినవాళ్ళే. ఆ కారణంగానే వాటిని ఆడవాళ్ళ సబ్జెక్టులని తేలిక చేసినవాళ్ళూ ఉన్నారు. బల్లలు నింపింది ఒకరు, దర్జాగా కుర్చీల్లో కూర్చుంది ఇంకొకరు.

అమెరికాలో ఈ ఫ్యాకల్టీ ఇంకో ఆధారం వెతుక్కుంది, అందరూ తప్పక రాయాల్సిన పేపరు. 1874లో హార్వర్డ్ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం పెడితే కుర్రాళ్ళ రాతలు చూసి పెద్దలు బెంబేలెత్తారు. 1885కల్లా మొదటి ఏడాది రచన కోర్సు ఖాయమైంది. దేశమంతా అదే బాట. ఇంజనీరింగుకు వెళ్ళేవాడైనా సరే, ముందు ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ గుమ్మం తొక్కాలి. ఆ వేల వ్యాసాలు దిద్దడానికి మనుషులు కావాలి, ఆ మనుషులు పీహెచ్‌డీ విద్యార్థులు. షేక్‌స్పియర్ మీద పరిశోధనకు జీతమిచ్చింది కామాలు, ఫుల్‌స్టాపులు దిద్దే పని.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పాతికేళ్ళు ఈ ఫ్యాకల్టీకి నిజంగానే పెద్ద పీట వేసిన కాలం. స్వర్ణయుగం అంటూ ఒకటి ఉంటే ఇదే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు సాయం చేసే 1944 నాటి అమెరికా చట్టంతో వాళ్ళు కాలేజీలకు వచ్చారు. వాళ్ళ వెనకే జననాల వెల్లువ. ఆ పిల్లలకు బడులు, బడులకు టీచర్లు, టీచర్లకు డిగ్రీలు, డిగ్రీలిచ్చే చోటికి ప్రొఫెసర్లు. ఇలా ఒకదాని మీద ఒకటి. పిల్లల సంఖ్య తగ్గగానే అదే గొలుసు వెనక్కి లాగింది. 1970-71లో అమెరికాలో ఇంగ్లీషు బీఏలు దాదాపు 64 వేలు, పదేళ్ళ తర్వాత 32 వేలు. సరిగ్గా సగం. అదే పదేళ్ళలో ఎడ్యుకేషన్ డిగ్రీలు 1.76 లక్షల నుంచి 1.08 లక్షలకు దిగాయి, బిజినెస్ డిగ్రీలు 1.15 లక్షల నుంచి రెండు లక్షలకు ఎక్కాయి. ఇంగ్లీషు, టీచర్ డిగ్రీలు ఒక్కసారే పడటం కాకతాళీయం కాదు. బ్యాంకులు, ఆఫీసులు, లా కాలేజీలు తలుపులు తెరిచాక, అంతకుముందు పంతులమ్మ ఉద్యోగం కోసం సాహిత్యం చదివిన అమ్మాయిలు అటు నడిచారు. కుర్రకారుకు సాహిత్యం మీద ప్రేమ చచ్చిపోయిందని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. తెరుచుకున్న తలుపును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ లెక్క ఒక డిపార్ట్‌మెంట్ లోపల ఎలా నడుస్తుందో తెలియాలంటే వర్క్‌లోడ్ కాగితం చూడాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా పాఠం చెప్పాలి. ఒక కాలేజీలో డిగ్రీ మొదటి రెండేళ్ళకు కలిపి పన్నెండు సెక్షన్లు, సెక్షనుకు వారానికి నాలుగు గంటలు రెండో భాష అనుకుందాం. 48 గంటలు, అంటే మూడు పోస్టులు. సిలబస్ సవరించి ఆ పేపరును మొదటి ఏడాదితో ఆపేస్తే సెక్షన్లు ఆరు, గంటలు 24. ఒకటిన్నర పోస్టు. అర మనిషి ఉండడు కాబట్టి ఒకరు పర్మనెంటు, మిగిలిన ఎనిమిది గంటలకు గెస్ట్ ఫ్యాకల్టీ. సాహిత్యం వద్దని ఏ మీటింగులోనూ ఎవరూ అనరు, భాషాభిమానం మీద ప్రసంగాలు కూడా జరుగుతాయి. రిటైరైన సారు స్థానంలో మాత్రం ఎవరూ రారు. పోస్టు లేకపోతే గైడు లేడు, గైడు లేకపోతే పీహెచ్‌డీ సీటు లేదు. రెండో ఏడాది పేపరులో నాలుగు గంటలు కదిలితే పైన పరిశోధన దాకా కదులుతుంది. బెర్లిన్‌లో 1810 నాటి పరీక్ష చేసిన పనే ఇది, తలకిందులుగా.

ఇటీవలి గొడవల్లో డబ్బు నేరుగా కనిపిస్తుంది. ఇంగ్లండులో 2012లో ఫీజు గరిష్ఠంగా 9,000 పౌండ్లకు పెంచి, ఆర్ట్స్, హ్యుమానిటీస్ బోధనకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటును తీసేశారు. అప్పటి నుంచి ఆ డిపార్ట్‌మెంట్ల బతుకు ఏటా ఎంతమంది చేరారన్న అంకె మీదే. అమెరికాలో 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పదేళ్ళలోపే చరిత్ర డిగ్రీలు దాదాపు 30 శాతం తగ్గాయి. అయితే పాత బంధం ఇప్పటికీ తెగలేదని చూపించింది జపాన్.

2015 జూన్‌లో జపాన్ విద్యాశాఖ మంత్రి హకుబున్ షిమోమురా 86 జాతీయ విశ్వవిద్యాలయాలకు ఒక సర్క్యులర్ పంపాడు. పద్దెనిమిదేళ్ళ వాళ్ళ జనాభా తగ్గిపోతోంది కాబట్టి కొన్ని ఫ్యాకల్టీలను రద్దు చేయండి, లేదా సమాజానికి ఎక్కువ అవసరమైన రంగాలకు మళ్ళించండి అన్నది దాని సారాంశం. ఆ ఫ్యాకల్టీలేవో కూడా చెప్పింది: హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, వాటితో పాటు ఒకే వాక్యంలో టీచర్ ట్రెయినింగ్. జపాన్ సైన్స్ కౌన్సిల్ ఆందోళన తెలిపింది. పరిశ్రమల సమాఖ్య కెయిదాన్‌రెన్ కూడా తాము అడిగింది ఇది కాదంది. అప్పుడు మంత్రిత్వశాఖ సర్దిచెప్పుకుంది: రద్దు చేయమన్నది ముఖ్యంగా ఎడ్యుకేషన్ ఫ్యాకల్టీల్లో ఉన్న 'జీరో లైసెన్స్' కోర్సుల గురించి అని. అంటే టీచర్ సర్టిఫికెట్ అక్కర్లేకుండానే డిగ్రీ ఇచ్చే కోర్సులు. బడుల్లో పిల్లలు తగ్గి, టీచర్లకు గిరాకీ పడిపోయినప్పుడు, సీట్లు ఖాళీ కాకుండా ఆ ఫ్యాకల్టీలే వాటిని తెరిచాయి. సంస్కృతులు, సమాచారం, పర్యావరణం అంటూ రకరకాల పేర్లతో, పంతుళ్ళు కానక్కర్లేని విద్యార్థుల కోసం.